లోపలి మడత

"పాము కరిస్తే ఎవరు చూస్తారే నిన్ను, ఆ బండల మధ్య?"

అప్పటికింకా ఏ పామూ లేదు. దేవకృప చెప్పుల్లో కాలైనా పెట్టలేదు. టిఫిను డబ్బా మూత బిగించిన చప్పుడు వినగానే వంటింట్లోంచి ఆ మాట వచ్చేసింది. కాంతమణికి భయం ఎప్పుడూ కబురు కంటే ముందే చేరేది. మారేడ్‌పల్లి వీధిలో కుక్క గట్టిగా మొరిగితే దొంగ. పోస్టు బంట్రోతు గుమ్మం ముందు ఆగితే చావు కబురు. భర్త యెషయా రైల్వే గూడ్సు ఆఫీసు నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే, ఇంకేముంది, రైలు పట్టాలు. గుడివాడ దగ్గర పల్లెటూరి నుంచి కాపురానికి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఆమె యాస కొంచెం మారింది, వంట కొంచెం మారింది. భయాలు మాత్రం వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి.

"చేతికర్ర ఉందిగా అమ్మా."

"కర్రతో పామును కొడతావా, మొక్కలు లెక్కపెడతావా? సరే, ఇవాళ ఏ పక్కకి?"

"బండల పక్కకే."

"ఏ బండలు? కుంట దగ్గరివా, హాస్టలు వెనకవా?"

"కుంటకి పైన, రేగు పొదల వైపు. రోజూ ఎందుకమ్మా ఇంత ఆరా?"

"ఎందుకేమిటి? పొద్దుగూకే వేళకి నువ్వు రాకపోతే మీ నాన్నను ఏ పక్కకి పంపాలి?"

దేవకృప యూనివర్సిటీలో మొక్కల శాస్త్రం చదువుతోంది. అక్కడ చదువంతా ఉర్దూలోనే. జూన్‌లో తొలకరి పడగానే, అందరూ సాహెబు మేష్టారు అని పిలిచే ఆమె పంతులుగారు ఒక పని అప్పజెప్పారు. ఆ ఆవరణలో మొలిచే ప్రతి మొక్కనూ, గడ్డిపరకతో సహా, ఎక్కడ ఏది ఉందో రాసి, ఒక్కో కొమ్మ ఎండబెట్టి తేవాలి. ఎనిమిది నెలల పాటు ఆ నేలను చూస్తే ఎర్ర గరసు, కాలిపోయిన బండలు తప్ప ఏమీ ఉండవు. నాలుగు వానలు పడితే చాలు, ఎక్కడెక్కడి గింజలో లేచి, మూడు నెలలు బతికి, పూసి, రాలి, మళ్ళీ మాయమైపోతాయి. దసరా దాటితే వెతికినా దొరకవు. పైగా వచ్చే చలికాలంలో ఆ బండల భాగాన్ని చదును చేసి పచ్చిక వేస్తారని మాట పుట్టింది. సెప్టెంబరు ఆఖరుకల్లా జాబితా చేతికిస్తే, ఆ చోటు ముట్టుకోవద్దని పైవాళ్ళకు రాస్తానన్నారు మేష్టారు.

"నాన్నా, గొట్టాలతో నీళ్ళు పట్టే పచ్చికలో మొత్తం తొమ్మిది రకాలున్నాయి," అంది దేవకృప ఒకరోజు అన్నాల దగ్గర. "ఎవరూ చెంబెడు నీళ్ళు పొయ్యని బండల సందున, ఈ చాప పరిచినంత మేర, పంతొమ్మిది."

"అయితే ఆ తోటమాలికి జీతం దేనికి?" అన్నాడు యెషయా.

"తేళ్ళెన్ని?" అంది కాంతమణి.

సాయంత్రం ప్రార్థనలో కాంతమణి అన్నీ వివరంగా చెప్పుకునేది. "ప్రభువా, ఇవాళ నా బిడ్డ కుంటకి పైన, రేగు పొదల వైపు తిరిగి క్షేమంగా ఇల్లు చేరింది. నీకు స్తోత్రం." కళ్ళు మూసుకునే దేవకృప నవ్వు ఆపుకునేది. "దేవుడికి దిక్కులు కూడా చెప్పాలా అమ్మా?" అంటే, "చెబితే తప్పేముంది? ఆయనకు ఎందరు బిడ్డలు! కలిసిపోతారు," అనేది తల్లి.

ఎండబెట్టే పనిలో కాంతమణికీ వంతుంది. దేవకృప ఒక్కో కొమ్మను పాత పేపరు మడతలో పరిచేది. ఆ మడతల మధ్య మళ్ళీ వేరే కాగితాలు పెట్టి, పైన సన్నికల్లు ఎత్తేది. మధ్య కాగితాలు చెమ్మ పీలుస్తాయి కనుక వాటిని రోజూ తీసి, ఎండలో ఆరేసి, మళ్ళీ పెట్టాలి. అప్పడాలు ఎండబెట్టిన చేతికి అదేం కష్టం కాదు. కూతురు పెట్టిన షరతు ఒక్కటే: "మధ్యవి మార్చు. లోపలి మడత మాత్రం విప్పకు." ఆకు విరుగుతుందని అలా అంటోందనుకుంది కాంతమణి.

సెప్టెంబరు పదకొండు, శనివారం. దేవకృప హాస్టలు వెనక్కి వెళ్ళింది. పదిగంటల వేళ పక్కింటి శారదమ్మ గోడ అవతల నుంచి కాదు, ఏకంగా వంటింట్లోకే వచ్చింది. ఆమె భర్తది మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డల దుకాణం. ఊళ్ళో ఏ పుకారైనా ఉల్లిగడ్డల బస్తాతో పాటే వాళ్ళ ఇంటికి చేరేది.

"కాంతమ్మా, జెర ఇటు రా. గీ మాట ఎవ్వరితోని అనకు. సర్కారోళ్ళు బెజవాడ పేపర్లు దొర్కిన ఇండ్లల్ల మొగోళ్ళను తోల్కపోతున్నరంట."

"మా ఇంట్లో పేపర్లెక్కడివి అక్కా? ఆయన చదివితే గోడమీది క్యాలెండరే చదువుతారు."

"మల్ల నీ బిడ్డ గడ్డి దాసుకునేటియి ఏందీ? నేను సుత చూసిన, అన్నీ తెలుగు పేపర్లే."

కాంతమణి చేతిలో చాట కిందికి వాలింది. అవును. అవన్నీ పుట్టింటి నుంచి తమ్ముడు ఆవకాయ జాడీలకు చుట్టి పంపిన పేపర్లు. ఇటు దారులు మూసుకుపోక ముందు, రెండేళ్ళ పాటు పంపినవి. పారెయ్యడానికి మనసొప్పక అటకమీద దాచింది. కాగితం కరువు వచ్చి నోటుపుస్తకం దొరక్కపోతే, కూతురికి తనే దించి ఇచ్చింది.

"పరేషాన్ గాకు," అంది శారదమ్మ గడప దాటుతూ. "జల్ది ఏదన్న చెయ్యి."

కాంతమణి ఐదో తరగతి దాకా చదివింది. బైబిలు చదువుతుంది, కీర్తనల పుస్తకం చదువుతుంది. ఆ రోజు మొదటిసారి ఆ పేపర్ల మీది పెద్ద అక్షరాలు చదివింది. ఒకదాని మీద నైజాము అన్న మాట. ఇంకోదాని మీద సర్కారు అన్న మాట. మూడోది చదవలేదు. కళ్ళముందు యెషయా, చొక్కా గుండీలు కూడా పెట్టుకోనివ్వకుండా ఎవరో నడిపించుకుపోతున్నట్టు కనపడింది.

కాల్చాలి. కానీ మొక్కలు? మూడు నెలలుగా బిడ్డ ఎండలో మాడి, ముళ్ళు గీరుకుని తెచ్చిన మొక్కలు. తలుపు గడియ వేసి, చాప పరిచి కూర్చుంది. యెషయా ఆఫీసు నుంచి తెచ్చిన పాత గూడ్సు ఫారాలు, ఒకవైపు ఖాళీగా ఉన్నవి, ఒక కట్ట ఉంది. వాటి మీద సర్కారు ముద్ర ఉంది. ఎవడొచ్చి చూసినా నోరెత్తడు. అట్లకాడ కడిగి, తుడిచి తెచ్చింది. ఒక్కో మడత విప్పి, ఎండిన కొమ్మ కిందికి అట్లకాడను మెల్లగా తోసి, మినపట్టు తిరగేసేటప్పటి కంటే జాగ్రత్తగా ఎత్తి ఫారం మీద పడుకోబెట్టింది. తెచ్చిన రోజుల వరస తప్పనివ్వలేదు. పైది పైనే, కిందిది కిందే. నూట అరవై ఒకటి. ఒక్క ఆకు విరగలేదు.

పేపరు అంచుల మీద పెన్సిలుతో ఏవో గీతలున్నాయి. ఉర్దూ అక్షరాలని తెలుసు. ఈ ఊళ్ళో ఉప్పు పొట్లం మీద కూడా ఉర్దూయే ఉంటుంది, దాన్నెవరు పట్టించుకుంటారు? పేపర్లన్నీ నీళ్ళపొయ్యిలోకి తోసింది. ఆ మంట మీదే కూతురికి స్నానానికి నీళ్ళు కాచింది.

నాలుగింటికి దేవకృప వచ్చింది. కాంతమణి కట్టను ఎదురుగా పెట్టి, పరీక్ష ప్యాసైన పిల్లలా నిలబడింది. "చూడు, ఒక్క ఆకు విరగలేదు. నీకెందుకు భయం, మీ నాన్నకూ ఇక భయం లేదు."

దేవకృప పై ఫారం ఎత్తింది. దాన్ని తిప్పి చూసింది. రెండోది, మూడోది. "ఇవి ఉన్న కాగితాలేవమ్మా?"

"నీళ్ళపొయ్యిలో పెట్టేశా."

దేవకృప పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. బూడిదలో కాలని ముక్క ఒకటి వేలెడంత దొరికింది. దాన్ని వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ బూడిదలోనే పెట్టింది. యెషయా వచ్చాక తండ్రితో రెండు మాటలే అంది. "ఏ మొక్క ఎక్కడిదో, ఏ రోజు తీశానో ఆ అంచుల మీదే రాశాను నాన్నా. నోటుపుస్తకం లేదుగా. చోటూ తేదీ లేకపోతే మేష్టారికి అది మొక్క కాదు, గడ్డి."

కాచిన నీళ్ళు కాగులోనే చల్లారిపోయాయి.

సోమవారం పొద్దున ఇండియా సైన్యం సరిహద్దు దాటిందని తెలిసింది. వీధులు మూతపడ్డాయి. బస్సులు ఆగిపోయాయి. విమానం చప్పుడు వినపడితే కాంతమణి మంచం కిందికి దూరేది, యెషయాను కూడా లాగేది. ఆమె జీవితమంతా భయపడింది ఇలాంటి రోజులకే. తీరా వచ్చాక, చిత్రం, ఆమె చెవులు విమానం మీద లేవు. కూతురి మీద ఉన్నాయి. పిల్ల అన్నం తింటోంది, ఇల్లు ఊడుస్తోంది, తండ్రి అడిగితే బదులు చెబుతోంది. తల్లితో మాత్రం మాట లేదు. కేకలేస్తే బాగుండేది. కంచం విసిరినా బాగుండేది. "పులుసు చాలా? ఇంకొంచెం వెయ్యనా?" అంటే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేది, అంతే.

"ఏమండీ, మీరైనా చెప్పండి."

"ఏం చెప్పను? నువ్వు నా కోసం చేశావని దానికి తెలుసు. తెలుసు కనకే కేకలెయ్యటం లేదు," అన్నాడు యెషయా.

శుక్రవారం సాయంత్రం, నైజాము లొంగిపోయాడని హోటలు రేడియోలో చెప్పారట. శారదమ్మ గోడమీద నుంచి అరిచింది. "అయిపాయె కాంతమ్మా! నీ పేపర్ల ముచ్చట ఇగ ఎవ్వడు అడగడు!"

ఆరు రోజులు. శనివారం నుంచి శుక్రవారానికి ఆరు రోజులు. అటక మీద పెట్టి, పైన పాత బొంత కప్పినా సరిపోయేది. కాంతమణి గోడకు ఆనుకుని, నవ్వుతున్నట్టు మొహం పెట్టి తలూపింది. లోపలికి వచ్చి భర్తతో మాత్రం ఇలా అంది: "ఆ సాహెబు మేష్టారు ఎలా ఉన్నారో కనుక్కోండి. ఆయనకు ముసలి తల్లి ఉందట. ఇప్పుడు ఆవిడ ఎలా ఉందో." మొన్నటిదాకా వణికింది తను. ఇవాళ్టి నుంచి ఇంకో ఇంట్లో ఇంకో తల్లి తలుపు గడియ చూసుకుంటూ ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మర్నాడు వీధి వీధంతా మిలిటరీ బళ్ళు చూడటానికి పరిగెత్తింది. యెషయా కూడా వెళ్ళాడు. దేవకృప వెళ్ళలేదు. ముందుగదిలో కట్ట విప్పి కూర్చుంది. కాంతమణి గుమ్మంలో బియ్యం ఏరుతూ కూర్చుంది. పిల్ల కట్టలోంచి ఒక ఫారం ఎత్తింది. తీగలాంటి చిన్న కొమ్మ, ఎండినా నీలం పోని చుక్కంత పువ్వు. విష్ణుక్రాంతం. దాన్ని చూస్తూ, చూస్తూ, పక్కన పెట్టబోయింది.

"అది పెద్దబండ కిందది," అంది కాంతమణి.

అనేసి, ఎందుకన్నానా అని చాటలోకి తల దించుకుంది. మాట మాత్రం ఆగలేదు.

"తేనెపట్టు ఉందన్నావే, ఆ బండ. నీ చీర కుచ్చిళ్ళ నిండా ఎర్ర గరసు. రెండు ఉతుకులు ఉతికినా పోలేదు. ఆ రాత్రి నేను తేనెటీగల కోసమే ప్రార్థన చేశాను. మర్నాడు ఆదివారం, పాస్టరుగారు ఊరికి వెళ్ళారని మీ నాన్న చేత వాక్యం చదివించారు. ఆగస్టు మొదటి ఆదివారం. అంటే ఇది శనివారంది."

దేవకృప తల తిప్పలేదు. చెయ్యి చాచి పెన్సిలు అందుకుంది. రాసింది. ఇంకో ఫారం ఎత్తి, తల్లికి కనపడేలా పట్టుకుంది. అడగలేదు. పట్టుకుంది.

"గుంటగలగర. కుంట కట్ట మీదది. ఆ రోజు చెప్పు తెగి ఒంటి చెప్పుతో వచ్చావు, అరికాలంతా నల్ల బురద. తలనూనెకి ఇంకో గుప్పెడు తేకూడదా అంటే మర్నాడు తెచ్చావు కూడా. జూలైలో, మీ నాన్నకు జలుబు చేసిన వారం."

పెన్సిలు ఒక క్షణం ఆగింది. ఈ మొక్క సంగతి పిల్లకు బాగా గుర్తుందని కాంతమణికి అప్పుడు తోచింది. కావాలనే పట్టుకుంది. సరిచూసింది. తర్వాత రాసింది.

మూడోది తేలుకొండి. కొమ్మతో పాటు ఎండిన కాయ కూడా ఉంది, నల్లగా, వంపు తిరిగిన రెండు కొండ్లతో.

"దీన్ని నేను మర్చిపోతానా? నీ సంచిలోంచి కింద పడితే తేలనుకుని చీపురుతో నాలుగు దెబ్బలు కొట్టాను. హాస్టలు వెనక, ఇటుకలు పోసిన చోటిది. నీ పైట నిండా సున్నం."

దేవకృప భుజాలు కదిలాయి. దగ్గు కావచ్చు.

అలా నాలుగు రోజులు. కాంతమణి పొయ్యి దగ్గర నుంచి కూడా చెబుతూనే ఉంది. ఏ రోజు కూతురు ఏ పక్కకి వెళ్ళిందో ఆమెకు తెలియని రోజు లేదు. ప్రతి రోజుకూ ఒక భయం ఉంది, ప్రతి భయానికీ ఒక చోటుంది. తుమ్మి పువ్వు దొరికిన రోజు పిడుగు. నేల ఉసిరి తెచ్చిన రోజు తోటమాలిని కుక్క కరిచింది. ఉత్తరేణి గింజలు చీర నుంచి ఒక్కొక్కటే పీకుతూ, గింజలే ఇలా అంటుకుంటే, పాడు మనుషులు ఎదురైతే ఎలా అని ఏడ్చింది ఆ పూట. కట్ట వరస తప్పకపోవడం మేలైంది. ముందుదీ తర్వాతదీ తెలిస్తే మధ్యది తనంతట తనే గుర్తుకొచ్చేది.

రెండోరోజు మధ్యాహ్నం శారదమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు విన్నది. "ఏం బిడ్డా, మీ అమ్మ పంచాంగం చెప్పినట్టు చెప్తాంది! మా ఇంట్ల నిన్న ఏం కూర వండిన్నో నాకే యాదికి లేదు." ఒక ముళ్ళ కొమ్మ చూసి, "గిది కలివికాయ చెట్టు గద," అంది.

"వాక్కాయ," అంది కాంతమణి.

"కలివికాయ."

దేవకృప రెండు పేర్లూ రాసింది.

అప్పుడు చూసింది కాంతమణి. పిల్ల రాస్తున్నది ఉర్దూ కాదు. తెలుగులో రాస్తోంది. గుండ్రంగా, పెద్దగా, ఐదో తరగతి చదివినవాళ్ళు కూడా చదువుకోగలిగేలా. "వాక్కాయ, కలివికాయ. హాస్టలు వెనక. ఆగస్టు." కాంతమణి చూడనట్టే లేచి వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు అక్కడే ఉంది.

మూడోరోజు గడ్డి వచ్చింది. సన్నని పరక, కొసన నాలుగు గింజలు. కాంతమణి చూసింది. ఇంకా దగ్గరికి వచ్చి చూసింది. గడ్డిపరకలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. రేగు పొదల వైపుది అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంటే పిల్ల రాసేసుకుంటుంది. ఎవరికి తెలుస్తుంది? కట్టలో ఒకటి తగ్గుతుంది, ఆ మొహంలో కొంచెం వెలుగొస్తుంది. ఇప్పుడా వెలుగు కోసం ఆమె ఏమైనా చేసేది.

కానీ ప్రార్థనలో ఒక్కరోజైనా చోటు తప్పు చెప్పలేదు ఆమె. పెద్దబండ దగ్గరికి వెళ్ళిన పిల్లను కుంట దగ్గర కాపాడమంటే ఆ దేవుడు మాత్రం ఏం చేస్తాడు?

"తెలీదమ్మా," అంది. "ఇది నాకు తెలీదు. ఊహించి చెప్పను."

దేవకృప ఆ ఫారాన్ని పక్కన విడిగా పెట్టింది. కట్ట అయిపోయేసరికి ఆ పక్కన ఇరవై మూడు పోగయ్యాయి. అన్నీ దాదాపు గడ్డే.

సాహెబు మేష్టారు క్షేమంగానే ఉన్నారని, తల్లి మాత్రం తలుపు తియ్యనివ్వడం లేదని యెషయా కబురు తెచ్చాడు. మరి నాలుగు రోజులకు బస్సులు మళ్ళీ తిరుగుతున్నాయని, యూనివర్సిటీ గేట్లు తెరిచారని తెలిసింది. వానలు వెనకబట్టాయి. పొద్దున ఎండలో కాక తగ్గలేదు. ఇంకో వారం పోతే ఆ బండల మీద పచ్చదనం పసుపు రంగుకు తిరుగుతుంది.

ఆ పొద్దున కాంతమణి ఒట్టు పెట్టుకుంది. అడగకూడదు. ఏ పక్కకి అని అడగకూడదు, పాము మాట ఎత్తకూడదు. పదహారు రోజులుగా పిల్ల తనతో పలకలేదు. ఇప్పుడు ఆరా తీస్తే పలకాలన్నా పలకదు. పొయ్యి ముందు కూర్చుని, పైట కొస నోట్లో కుక్కుకుంది.

టిఫిను డబ్బా మూత బిగించిన చప్పుడు. చేతికర్ర నేలకు తగిలిన చప్పుడు. చెప్పులు. వాకిలి దాకా అడుగులు. గేటు గొళ్ళెం తీస్తే కిర్రుమంటుంది. కిర్రుమనలేదు.

పాలు పొంగబోయాయి. కాంతమణి గిన్నె దించింది. గొళ్ళెం ఇంకా కిర్రుమనలేదు. వీధిలో కూరగాయల బండి వచ్చింది, వెళ్ళింది. ముందుగదిలో యెషయా గొంతు సవరించుకున్నాడు.

కాంతమణి లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది. పిల్ల గేటు మీద చెయ్యి వేసి, వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది. చంకన ఫారాల కట్ట. రోజూ అడిగే మాట ఇంకా చెవిన పడని మనిషిలా ఆగి ఉంది. కాంతమణి పైట కొస నోట్లోంచి తియ్యలేదు.

"బండల పక్కకే అమ్మా," అంది దేవకృప, గేటు వైపే చూస్తూ. "మేష్టారికి ఇవి ఇచ్చేసి, కుంటకి పైన, రేగు పొదల వైపు. నీకు తెలీని ఇరవై మూడూ ఎండిపోయేలోపు అక్కడ వెతుకుతా. పాము కనపడితే నేనే పక్కకి తప్పుకుంటా. నాలుగింటికి వచ్చేస్తా. గుర్తు పెట్టుకో."